వీపున గండి

పోయినేడు అంది. అడిగింది డాక్టరమ్మ, చెప్పింది నోరు, మధ్యలో కమలాకుమారి లేనే లేదు. ఆ మాట అట్టా జారిపోయి కాయితం మీద పడింది. డాక్టరమ్మ రాసుకుంది కూడా. రాసుకుని, ‘మా సార్ లోపల ఇంకో ఆపరేషన్‌ల ఉన్నడు ఆంటీ, ఓ గంటల బయటికొస్తడు, అప్పటిదాంక మీరు ఏది జెయ్యాల్నో సోంచాయించుకుని సంతకం పెట్టుండ్రి’ అని కాయితానికి క్లిప్పు పెట్టిన అట్టనీ, పురికొస కట్టిన పెన్నునీ ఒళ్లో పెట్టి తలుపు నెట్టుకుని పోయింది. తలుపు అటూ ఇటూ రెండూపులు ఊగి ఆగింది. దానికవతల లక్ష్మీపతి ఉన్నాడు. ముప్పయ్యేళ్లుగా పక్కన పడుకున్న మనిషి, పొద్దున నాలుగింటికి పళ్లు కొట్టుకుంటూ వణికిపోయి, ఏవండీ అని పిలిస్తే తన మొహంలోకి చూసి ‘మీరెవరమ్మా’ అన్న మనిషి. ఇవతల ఇనప కుర్చీలో తను. గోళ్ల సందున ముగ్గుపిండి ఇంకా తెల్లగా అట్టాగే ఉంది. రాత్రంతా మూలుగుతూనే ఉన్నాడు, తెల్లారితే తగ్గుతుందిలే అని తను గుమ్మం కడిగి ముగ్గేసింది. ముగ్గేసి లోపలికొచ్చేసరికి ఈ వణుకు. పోయినేడు అని ఎందుకంది? ఎవరు అనమన్నారు?

డాక్టరమ్మ పేరు శరణ్య. మన పిల్లే, కరీంనగర్ వైపు. ఇంత పెద్ద ఢిల్లీ ఆస్పత్రిలో హిందీ మోతలో ‘మీరు తెలుగోళ్లా ఆంటీ’ అని వినపడగానే ఆ పిల్ల చెయ్యి పట్టేసుకుంది తను, ఆ మాత్రం తెలుగుకే. ఆ పిల్లే కంప్యూటరు తెర ఇటు తిప్పి చూపించింది. నల్లటి చీకట్లో వెన్నుపూస, ఎముకలు, ఎడమ పక్కన ఒక సన్నటి తెల్లగీత. గీతకి కింద ఒక చుట్ట, పైన ఒక చుట్ట. పైచుట్ట చుట్టూ తెల్లగా, దళసరిగా, దారానికి పటికబెల్లం కట్టుకున్నట్టు గడ్డ. ‘ఇది స్టెంటు ఆంటీ. కిడ్నీ కాడికెళ్లి మూత్రాశయం దాంక లోపల పెట్టే పైపు. రాయి తీసినంక కొన్ని వారాలు పెట్టి మళ్ల తీసేస్తరు. దీన్ని తీయలే. దాని మీద రాయి పేరి దారి మూస్కపోయింది, కిడ్నీ ఉబ్బింది, లోపల చీము. ఎప్పుడు పెట్టిచ్చిన్రు?’ కుర్చీలో కూర్చున్న మనిషిని కుర్చీతో సహా ఎవరో బావిలోకి దించుతున్నట్టయింది. ఆ గీతని తను చూసింది. ఎక్కడ చూసింది? ఆ పైచుట్ట, ఆ వంపు, చివర చిన్నగా లోపలికి తిరిగిన ఆ కొస, తన వేళ్లకి తెలుసు. కళ్లకంటే ముందు వేళ్లకి తెలిసింది. వేళ్లు ఒళ్లో ముడుచుకున్నాయి. నోరు పోయినేడు అంది.

గోడ మీద గడియారం పదీ పది. ఎదురు కిటికీలోంచి బూరుగు చెట్టు కొమ్మ, ఆకన్నది లేకుండా ఎర్రగా పూలు. మార్చి నెలలో ఈ ఊళ్లో ఎటు చూసినా ఇవే. పెద్ద పెద్ద పూలు రోడ్డు మీద దబ్బున పడతాయి, బళ్లు తొక్కుకుంటూ పోతాయి. రెండు తొవ్వలున్నయి ఆంటీ అంది ఆ పిల్ల. తొవ్వ అంటే దారి. ఒకటి కిందికెళ్లి, అంటే కింది నుంచి. మత్తిచ్చి, మూత్రం పోయే దారిలోంచే కెమెరా పెట్టి, పాతదాని పక్క నుంచి ఇంకో పైపు పైకి తోయడం. బయటికేం కనపడదు, సంచి ఉండదు, మనిషి మామూలుగా లేచి తిరుగుతాడు. రెండోది వీపుకెళ్లి. మత్తక్కరలేదు, అక్కడ తిమ్మిరెక్కించి, స్కానులో చూస్తా సూది సూటిగా కిడ్నీలోకి దింపి సన్నపైపు వదలడం. చీమంతా బయట సంచిలోకి దిగుతుంది. సంచి కొన్నాళ్లు వేలాడుతుంది. ఏది మంచిదమ్మా అనడిగింది తను. ‘మామూలుగైతే రెండూ మంచియే ఆంటీ, చదువుకునే పుస్తకాల్ల గూడ ఇదే ఎక్కువని తేల్చి రాయలే. కానీ అంకుల్‌కి బీపీ పడిపోతున్నది, మత్తు తట్టుకుంటడో లేదో. ఏడాదిలోపు పెట్టినదైతే రాయి ఇంకా మెత్తగుంటది, మా సార్ కిందికెళ్లి ఒకసారి చూస్తనంటున్నడు, అంకుల్ సంచి వద్దే వద్దని మొత్తుకుంటున్నడని. చాన ఏండ్లదైతే ఇప్పుడు దాన్ని ముట్టుడే వద్దు. కిందికెళ్లి తోస్తే చీము పైకెక్కి రక్తంల కలుస్తది. అప్పుడిగ మన చేతిల ఉండదు.’ అంత విడమరిచి చెప్పింది ఆ పిల్ల. అంత విడమరిచి చెప్పాక, ఎప్పుడు పెట్టిచ్చిన్రని మళ్లీ అడిగితే, మళ్లీ పోయినేడు అంది తను. ఒకసారంటే నోరు జారింది. రెండోసారి?

సంచి మాత్రం వద్దు కమలా. పొద్దున ఆటోలో అన్నాడు, ఆర్.కె. పురం క్వార్టర్ల మలుపు దాటుతుంటే, ఒక్క నిమిషం తెలివొచ్చి, తన మణికట్టు పట్టుకుని. పట్టిన చోట ఇంకా వేడిగా ఉన్నట్టుంది. ఆయన సంచి అనడంలో ఉన్నది తనకి తెలుసు. మామగారు అనంతరామయ్య గారు ఆఖరి రెండేళ్లు మూత్రం సంచితోనే తిరిగారు. బడిపంతులుగా చేసిన మనిషి, ఉతికిన పంచె తప్ప కట్టని మనిషి. పంచె కింద దాన్ని దాచుకుని, నడిస్తే ఒక పక్కకి ఒరిగి, వీధి అరుగు మీద కూర్చోడం మానేసి, పెరటి గుమ్మానికి మళ్లారు. అత్తగారు ఎవరొచ్చినా ముందు పరుగెత్తి ఆయన మోకాళ్ల మీద దుప్పటి కప్పేది. మే నెల ఎండలో కూడా దుప్పటే. అందరికీ తెలుసు, ఎవరూ చూడనట్టు మాట్లాడేవాళ్లు. ఒకసారి ఆయన పాత శిష్యుడెవరో కాళ్లకి దణ్ణం పెట్టబోతే దుప్పటి జారింది. ఆ మాస్టారు ఆ తర్వాత ఎవర్నీ గుమ్మంలోకి రానివ్వలేదు. సంచి కడిగింది లక్ష్మీపతే. సెలవు పెట్టి వచ్చినప్పుడల్లా, తలుపేసుకుని, కడిగి ఎండకి ఆరేసి, ఆరిందాకా అక్కడే కాపలా కూర్చునేవాడు, ఎవరి కంటా పడకుండా. అలాంటి మనిషి, ఇంకో ఏడు నెలల్లో రిటైరవుతాడు, ఆఫీసులో దండలేసి ఫోటోలు తీసే రోజుకి కొత్త సఫారీ గుడ్డ కూడా కొని పెట్టుకున్నాడు. సంచి మాత్రం వద్దు కమలా అన్నాడు. తను తల ఊపింది. ఊపిందా? ఊపింది. అందుకే కదా పోయినేడు అంది, ఆయన మాట నిలబెట్టడానికే కదా? ఆయన కోసమే కదా? ఆయన కోసమే అయితే వేళ్లెందుకు ముడుచుకున్నాయి మరి.

ఐదేళ్లు. ఉగాదికి ఐదేళ్లు. అదే, ఆ ఫిబ్రవరిలో బెజవాడలో మరిది కూతురి ఓణీల ఫంక్షనుకు వెళ్తే పెళ్లిభోజనంలా తిని అరగంటకే నడుం పట్టుకుని నేల మీద దొర్లాడు లక్ష్మీపతి. రాయి అన్నారు. లోపలే పొడి చేశారు. మర్నాడు పెద్ద డాక్టరు గారు, బట్టతల, నుదుట పెద్ద బొట్టు, నవ్వుతూ చెప్పాడు, లోపల చిన్న స్టెంటు పెట్టానమ్మా, ఉగాది వెళ్లాక తీయించుకోండి, ఢిల్లీలో ఎక్కడైనా తీస్తారు, పది నిమిషాల పని. సరేనండీ అంది తనే. ఉగాది వెళ్లాక. ఉగాది రోజునే దేశం మొత్తం తలుపులేసుకుంది. వేపపూత లేకుండా, మామిడికాయ లేకుండా, చింతపండూ బెల్లమూ కారమూ కలిపి పచ్చడనుకున్న ఉగాది. ఆస్పత్రుల్లో మామూలు రోగుల్ని చూడబోమన్నారు. ఎవరైనా దగ్గితే ఎదురింటి వాళ్లు కిటికీ వేసుకునేవాళ్లు. అయినా మొదట్లో ఇద్దరికీ గుర్తుంది. మంటగా ఉంది కమలా అనేవాడు, తను బార్లీ కాచి ఇచ్చేది, కాస్త ఎర్రగా పోతోంది అనేవాడు, స్టెంటుంటే అంతేనట అని కూతురు హాసిని ఫోనులో చూసి చెప్పేది. జూన్‌లోనో ఎప్పుడో, ఒక రోజు పప్పులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా అన్నాడు, ఆ పైపు సంగతి చూడాలేమో కదా. తను గిన్నెలు తోముతోంది. చేతులు ఆపకుండానే అంది, ఇప్పుడు నొప్పి లేదుగా, ఈ గోలలో ఆస్పత్రికి పోతే లేని జబ్బు తెచ్చుకుంటాం. ఆయన ఊఁ అన్నాడు. ఆ ఊఁ దగ్గర ఆగిపోయింది. ఆ మరుసటేడు ఏప్రిల్‌లో మరిది పోయాడు, అదే బెజవాడలో, గాలి అందక, చివరి చూపు కూడా ఫోనులోనే. ఆ తర్వాత ఆస్పత్రి అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఆయన ఒంటికి మంట అలవాటైపోయింది, తన చెవికి ఆయన మూలుగు అలవాటైపోయింది. తీయించుకోవాలి అనుకున్నది ఏ రోజున తీయించేశాం అయిపోయిందో, ఎవరు దాన్ని అట్టా మార్చారో, ఎంత వెతికినా ఆ రోజు దొరకడం లేదు. ఆఫీసులో ఏ కాయితం ఎన్నాళ్లుగా ఎవరి బల్ల మీద ఆగిందో నోటితో చెప్పగలిగే మనిషి ఆయన. ఏ డబ్బాలో ఏ పప్పు ఎన్ని గుప్పిళ్లుందో చెప్పగలిగే మనిషి తను. ఇద్దరూ కలిసి ఒక పైపుని ఒంట్లో పెట్టుకుని మరిచిపోయారు. ఎవరికైనా చెబితే నమ్మరు. తనకే నమ్మబుద్ధి కావట్లేదు. మొన్న మొన్నటిదాకా నడుం లాగుతోంది అంటే, మళ్లీ రాయి పడిందేమోనండీ అని ఊరి నుంచి కొండపిండాకు తెప్పించి పప్పులో వేసింది. లోపల పటికబెల్లం కట్టుకుంటుంటే పైనుంచి కొండపిండాకు.

ఆగాగు. జూన్ అంటే గ్రహణం. ఆ వేళ్లు. కమలాకుమారి అట్టని ఒళ్లోంచి పక్క కుర్చీలో పెట్టింది, కాలినట్టు. ఆదివారం, పొద్దున పది దాటాక, మేడ మీద. సూర్యగ్రహణం, ఈ ఊళ్లో దాదాపు మొత్తం కమ్ముతుందన్నారు. ఇంట్లో మూడు నెలలు మగ్గిన ముగ్గురూ మేడెక్కారు. సూర్యుణ్ణి చూడ్డానికి నల్లఫిల్ము కావాలి, చిన్నప్పట్నించీ ఊళ్లో అట్టాగే చూశారు, ఎవరింట్లో ఎక్స్‌రే ఉంటే వాళ్లింటికి పిల్లలు ఎగబడేవాళ్లు, కళ్లకి మంచిది కాదని తర్వాత్తర్వాత అన్నారు గానీ. తను బీరువాలోంచి తీసింది, బెజవాడది, ఒకటే ఉంది. ముందు ఆయన చూశాడు. తన నడుం లోంచి తనే సూర్యుణ్ణి చూసి, అదిగో కొరికేశాడు రాహువు అని నవ్వాడు. తర్వాత హాసిని. దానికి అప్పుడు పంతొమ్మిది. అది సూర్యుణ్ణి చూసి ఊరుకోక, ఫిల్ముని దగ్గరికి తెచ్చుకుని, మమ్మీ యే క్యా హై, స్ప్రింగ్ జైసా, అంది, ఇదేంటి స్ప్రింగులా ఉందని. తను లాక్కుని చూసింది. వెనక కొడవలిలా సూర్యుడు, ముందు ఆ తెల్లగీత, ఆ పైచుట్ట. ఎంత బాగుందే ఈ మెలిక అంది. అంది. బాగుందే అంది. మెషిన్‌దేదో పడుంటుందిలే, గ్రహణం చూడు, అయిపోతుంది, అంది. గ్రహణం విడిచాక స్నానాలు చేసి, ఆయన పడుకుంటే, తనకి పొద్దు పోక, ఆ ఫిల్ము ముందేసుకుని కూర్చుంది. పిండి చల్లితే ముగ్గు పడే అచ్చు ఇక్కడ బజార్లో దొరికేది తనకి నచ్చదు, ఉత్త నెమళ్లూ దీపాలూ. ఎక్స్‌రే ఫిల్ము అయితే తడికి పాడవదు, ఊళ్లో మిషను కుట్టే అక్క దాంతోనే చీరల మీద పూలు దించేది. సూది కాల్చి చుక్కలు పొడిచింది, బ్లేడుతో కోసింది. పద్మం ఎట్టా రావాలో తెలుసు, రేకు చివర మెలిక ఎట్టా తిప్పాలో తెలీక ఆ తెల్లగీతని పట్టుకుంది. పైచుట్ట మీదే బ్లేడు నడిపింది, ఆ వంపుని అట్టాగే, ఆ లోపలికి తిరిగిన కొసని అట్టాగే. ఎంత ముద్దుగా వచ్చిందో. ఆంధ్రా అసోసియేషన్‌లో ఆడాళ్లు ఎక్కడ కొన్నావు కమలా అని అడిగారు. కొనడమేంటి, నేనే కోశాను అంది. ఐదేళ్లు. రోజూ. గుమ్మంలో ఆయన నడుం పరిచి దాని మీద పిండి చల్లింది. ఇవాళ పొద్దున కూడా.

కళ్లు మూసుకుంటే ఆ మెలిక, తెరిస్తే బూరుగు పూలు. ఏడుపు రాలేదు. రావాల్సింది వచ్చే దారి లేక లోపలే తిరుగుతున్నట్టుంది. ఎదురు బెంచీ మీద ఒక సర్దార్జీ యాపిలు కోసుకు తింటున్నాడు, చాకుతో ముక్క ఎత్తి తన వైపు చూపించి తింటావా బెహన్‌జీ అన్నట్టు కనుబొమలెగరేశాడు. తల అడ్డంగా ఊపింది. ఫోను మోగింది. హాసిని. ఆయన పాత కాయితాలేమన్నా ఉంటే తెమ్మని పొద్దున ఇంట్లోనే ఉంచి వచ్చింది దాన్ని.

‘మమ్మీ, ఫైల్ మిల్ గయీ, ట్వంటీ ట్వంటీ వాలీ. పర్ ఎక్స్‌రే నహీ హై. సిర్ఫ్ కవర్ హై, ఖాళీ.’

‘ఎక్స్‌రే అందులో ఉండదులే. ఫైల్లో కాయితం ఉందా?’

‘హై. డిశ్చార్జ్ కా.’ ఆగింది. కాయితం తిప్పుతున్న చప్పుడు. ‘మమ్మీ, ఇస్ మే లిఖా హై, స్టెంట్ రిమూవల్ ఆఫ్టర్ ఫోర్ వీక్స్. అండర్‌లైన్ భీ కియా హై. నికల్‌వాయా థా న?’

తీయించాం కదా అనడుగుతోంది పిల్ల. కమలాకుమారి గోడ వైపు తిరిగింది.

‘వంటింటి కిటికీ పక్కన మేకు చూడవే.’

‘వో తో రంగోలీ వాలా హై.’

‘ఆ ముగ్గు అచ్చే. దాన్ని తీసి కిటికీకి పెట్టి చూడు. పట్టుకోడానికని ఒక మూల కొయ్యకుండా వదిలాను. ఆ మూల మీద ఏముందో చదువు.’

చెప్పుల చప్పుడు, మేకు నుంచి తీసిన చప్పుడు, పిండి దులిపిన చప్పుడు. ఫోను తెగిందేమోనని చెవి నుంచి తీసి చూసుకుంది. తెగలేదు.

‘పాపా కా నామ్ హై. ట్వంటీఫైవ్ ఫెబ్.’ నాన్న పేరూ, బెజవాడ తేదీ. తర్వాత ఆ పిల్ల, పుట్టి బుద్ధెరిగాక తెలుగులో అడిగితే హిందీలో తప్ప జవాబియ్యని పిల్ల, కూడబలుక్కుని తెలుగులో అంది. ‘నేను అడిగాను కదా మమ్మీ. ఆ రోజు. నేను అడిగాను.’

‘అడిగావమ్మా’ అంది కమలాకుమారి. ‘నువ్వు అడిగావు. నేనే చూడలేదు.’

‘నేను వస్తున్నా’ అంది హాసిని. ఫోను పెట్టేసింది.

పది ముప్ఫయ్యయిదు. కాళ్ల కింద నేల చల్లగా ఉంది, చెప్పులు ఎప్పుడు విడిచిందో. నాన్న ధర్మయ్య కాళ్లు గుర్తొచ్చాయి, ఎప్పుడూ బురదే, పడమటి కాలవ మీద లష్కరు, లాకుల తలుపులు ఎత్తడం దించడం, గట్లు కాపలా కాయడం ఆయన పని. తనకి పదకొండో ఏడు. తుఫాను. మురుగు కాలవ వంతెన ఖానాల్లో, నీళ్లు పోయే కంతల్లో, గుర్రపుడెక్క వచ్చి బిగుసుకుపోయింది, నీళ్లు కిందికి పోయే దారి లేక వెనక్కి ఎక్కుతున్నాయి, పొలాల్లోంచి మాలపల్లె గుడిసెల్లోకి. పైన గట్టు తెంపితే నీళ్లన్నీ ఒక్క వైపు పోయి ఊరు బయటపడుతుంది, కానీ ఆ ఒక్క వైపు ఉన్నది మేనమామ పొలం, కోతకొచ్చిన పొలం. గట్టు ముట్టుకోవద్దు బావా, కింది నుంచి లాగిద్దాం, పొలం పోకుండా పని అవుతుంది, అన్నాడు మామ, కాళ్లా వేళ్లా పడ్డాడు. నాన్న సరే అన్నాడు. అమ్మ తమ్ముడు కదా. ఇద్దరు మనుషుల్ని నడుముకి మోకులు కట్టి ఖానాల్లోకి దింపారు, గడ్డపారలతో కింది నుంచి తోశారు. తోసినకొద్దీ డెక్క ఇంకా గట్టిగా కూరుకుంది. నీళ్లు జానెడు పెరిగాయి, ఇంకో జానెడు. నాన్న వానలో నిలబడి గట్టు మీద పాతిన కర్ర వైపే చూశాడు, కర్ర మీద గాటు మునిగిందాకా. మునిగాక పార తీసుకున్నాడు. మామ వచ్చి పార పట్టుకున్నాడు. తను లాంతరు పట్టుకుని నిలబడి ఉంది, అన్నీ చూసింది. మొదటి పెళ్లకి నీళ్లు వేలు లావున వచ్చాయి, అంతే, ఈ మాత్రం దానికా అనిపించింది. తర్వాత గట్టే విరిగిపడింది. మామ మూడేళ్లు మాట్లాడలేదు. గుడిసెల్లో ఒక్క ముసలమ్మ పోయింది. ఆ రెండు జానలు పెరక్క ముందే తెంపి ఉంటే ఆ ముసలమ్మ కూడా పోయేది కాదు. ఆ సంగతి నాన్న అమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అన్నం ముందు కూర్చుని, ముద్ద పట్టుకుని, కింది నుంచి తోయించాను కదే, అనేవాడు అమ్మతో. ఎన్నేళ్లో అన్నాడు. బావమరిది మొహం చూసి తోయించాను.

తను ఎవరి మొహం చూసి పోయినేడు అంది? ఆయన మొహం చూసి అని ఇందాకట్నించీ చెప్పుకుంటోంది. కాదు. ఐదేళ్లు అంటే ఆ పిల్ల తల ఎత్తుతుంది. ఐదేళ్లా, ఎవరు చూసుకోలేదు, అంటుంది. ఎవరు అన్న చోట తను నిలబడాలి. పోయినేడు అంటే నిలబడక్కరలేదు. పోయినేడు అంటే ఆయన అడిగిన దారి, కనపడని దారి, దుప్పటి కప్పినట్టుండే దారి, అందులో తన తప్పు కూడా ఆయన నడుం లోపలే ఉండిపోతుంది. ఇంత తెలివి తనలో ఎక్కణ్ణించి వచ్చింది, మొగుడు తలుపవతల చావుబతుకుల్లో ఉంటే, అడగకుండానే, ఆలోచించకుండానే, నోట్లోంచి అంత చక్కగా? పైపు ఉందన్నప్పుడు పడ్డ పిడుగు కంటే ఇది పెద్దదిగా ఉంది. ఐదేళ్లు మరిచిపోవడం ఒక ఎత్తు. గుర్తొచ్చిన నిమిషంలోనే దాచేయడం! ఎవరీ మనిషి. నాలుగింటికి ఆయన మీరెవరమ్మా అంటే జ్వరంలో అన్నాడనుకుంది.

లేచింది. చెప్పులు వేసుకోలేదు. తలుపు నెట్టింది. నర్సు అందర్ నహీ, అందర్ నహీ మాతాజీ అని అడ్డం వచ్చింది. ‘శరణ్యమ్మా’ అని కేకేసింది కమలాకుమారి, చేల్లోంచి గట్టు మీది మనిషిని కేకేసినట్టు. మంచాల మీది వాళ్లంతా తిరిగి చూశారు. ఆ పిల్ల పరుగున వచ్చింది.

‘ఏమైంది ఆంటీ?’

‘పోయినేడు కాదమ్మా. ఐదేళ్లు. కరోనా వచ్చిన ఏడు, ఫిబ్రవరిలో. ఉగాదికి తీయించమన్నారు, మేం తీయించలా. నేనే తీయించలా. ఆయన అడిగాడు, నేనే ఇప్పుడొద్దన్నా. ఇందాక నీతో అబద్ధం చెప్పా.’

తిట్టి ఉంటే బాగుండేది. శరణ్య గబగబా కేసు కాయితం తీసి, రాసినదాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన 2020 అని వేసి, దాని కింద రెండు గీతలు గీసింది. ‘సార్ కిందికెళ్లి పోదామనే రెడీ అయితున్నడు’ అంది తల ఎత్తకుండా. ‘మత్తు డాక్టర్ని గూడ పిలిచిన్రు.’ అప్పటికే ఆ పిల్ల కాళ్లు అటు తిరిగాయి. తిరిగిన మనిషి మళ్లీ ఆగింది. ‘వీపుకెళ్లేనా ఆంటీ? అంకుల్ వద్దన్నడు.’

‘వీపు నుంచే. ఆయన్తో నేను చెప్పుకుంటా.’

బయట కుర్చీలో వదిలిన అట్ట తెచ్చి సంతకం పెట్టింది. బి.ఏ. చదివిన చెయ్యి, నాలుగో క్లాసు పిల్లలా ఒక్కో అక్షరం పేర్చి పెట్టింది. కాయితం మీద బొటనవేలు ఆనిన చోట తెల్లగా పిండి మచ్చ పడింది. దులపబోతే ఇంకా పాకింది. శరణ్య లాక్కుని పరుగెత్తింది.

తర్వాత ఎంతసేపు? హాసిని వచ్చింది, ఫైలూ, న్యూస్‌పేపర్లో చుట్టిన ఫిల్మూ ఒళ్లో పెట్టుకుని పక్కన కూర్చుంది. తల తెచ్చి తల్లి భుజానికి ఆనించింది, ఆ తలనీ తల్లి ఏదో చేస్తుందేమోనన్నంత భయంగా. కాయితం చుట్టలోంచి కాస్త పిండి రాలి దాని జీన్స్ మీద పడింది. ఇద్దరూ దాన్ని చూశారు. ఎవరూ దులపలేదు. పదకొండున్నరకి శరణ్య వచ్చి, అయిపోయింది, సూది పడంగనే చీము ఎగదన్నింది ఆంటీ, ఇంకో పూట ఆగుంటే ఏమయితుండెనో, ఇప్పటికైతే బీపీ నిలబడ్డది, ఇంకా రెండ్రోజులు చూడాలె, పాత పైపు సంగతి జ్వరం తగ్గినంక, పెద్ద పనే అది, అని ఒక్క గుక్కలో చెప్పి, ఒక్కరే లోపలికి రండ్రి అంది.

లక్ష్మీపతి కుడి పక్కకి ఒరిగి పడుకున్నాడు, వీపు ఇటు. నడుం మీద తెల్లప్లాస్టరు, దాన్లోంచి సన్నటి గొట్టం, గొట్టం చివర మంచం కడ్డీకి సంచి. సంచిలో తుఫాను వెలిసిన మర్నాటి కాలవ రంగు. చుక్క చుక్కగా కాదు, ఆగకుండా సన్నగా దిగుతోంది. కమలాకుమారి సంచి కింద అరచెయ్యి పెట్టింది. వెచ్చగా ఉంది. ఆయన వేడి ఆయనలోంచి బయటికి వచ్చి తన చేతిలో కూర్చున్నట్టుంది. ఎంతసేపు పట్టుకుందో.

‘కట్టించావా.’ గొంతు గోడ వైపు నుంచి వచ్చింది. మెలకువగానే ఉన్నాడు.

‘కట్టించాను.’

లక్ష్మీపతి భుజం ఒక్కసారి పైకి లేచి దిగింది. చెయ్యి వెనక్కి పెట్టి తడుముతున్నాడు, దుప్పటి కోసం. అలవాటు కొద్దీ తన చెయ్యే ముందు పోయింది, మంచం చివర మడతపెట్టిన దుప్పటి అందుకుని, విప్పి, అత్తగారు విసిరినట్టే విసరబోయింది. దుప్పటి గాల్లోనే ఉంది. కమలాకుమారి దాన్ని మళ్లీ మడిచి, ఆయన కాళ్ల దాకా మాత్రం కప్పి, సంచిని కడ్డీ వెనక నుంచి తీసి ముందు వైపు కొక్కేనికి, వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ కనపడేట్టు తగిలించింది. తర్వాత స్టూలు లాక్కుని, ఆయన వీపుకి ఎదురుగా కాదు, చుట్టూ తిరిగి గోడకీ మంచానికీ మధ్య ఇరుకులో దూరి, ఆయన మొహానికి ఎదురుగా కూర్చుంది.

‘ఏవండీ’ అంది. ‘గ్రహణం రోజు సంగతి ఒకటి చెప్పాలి మీకు.’